మన బొమ్మలల్ల ఆకాశం మనదేనా? మొగులు, ముసురు, ఎండ గీసుడు మీద ముచ్చట

ఓరుగల్లు_రంగులు | జూన్ 23, రాత్రి 9:12

మొన్న హన్మకొండల ఒక గ్రూప్ షో అయితే పోయిన, ఎవలిదో చెప్ప, అందరు మనోళ్లే. చెయ్యి తిరిగినోళ్లే గీసిన్రు, అండ్ల డౌట్ లేదు. భద్రకాళి చెరువు, ఖిలా తోరణాలు, రామప్ప, లక్నవరం, పాకాల కట్ట అన్నీ ఉన్నయ్. ఆకాశం మాత్రం అన్నిట్ల ఒక్కటే. పైన ముదురు నీలం, కిందికి రాంగ రాంగ లేత నీలం, నడుమ టిష్యూతోని అద్ది లేపిన తెల్ల మబ్బులు. ఒకాయన ఖిలాల రాళ్లకు మిట్టమధ్యాహ్నం నీడలు పొట్టిగ కరెక్టుగ వేసి మీద మాత్రం స్విట్జర్లాండ్ క్యాలెండర్ పెట్టిండు. మే నెల పన్నెండింటికి అక్కడ తల ఎత్తి చూడున్రి, నీలం ఎక్కడుంటది? తెల్లగ, కండ్లు తెరవనియ్యకుంట ఉంటది.

నేననేది ఏందంటే గుడిని చూసి గీస్తున్నం, చెరువును చూసి గీస్తున్నం, ఆకాశాన్ని మాత్రం యూట్యూబ్ చూసి గీస్తున్నం. ఆ ట్యుటోరియల్ పెట్టినాయన ఏ ఇంగ్లండులనో కూసొని ఆళ్లింటి మీది మబ్బు గీస్తడు, మనం దాన్ని తెచ్చి వరంగల్ మీద పెడుతున్నం. నాకొక్కనికే గిట్ల అనిపిస్తుందా?

లష్కర్‌బజార్_అక్క | జూన్ 23, రాత్రి 9:40

నీకొక్కనికే కాదు తమ్మీ. కానీ కొనేటోళ్ల సంగతి కూడ చూడాలె గదా. హాల్‌ల పెట్టుకునే బొమ్మకు నీలం ఆకాశమే అడుగుతరు. మొగులైనట్టు గీస్తే "ఇంట్ల పెడితే మంచిది కాదంట మేడం" అని మొకం మీదనే అంటరు. వాస్తు అంట. నా దగ్గరికి వచ్చే పిల్లలకైతే చెప్పే పనే లేదు, పేపర్ ఇయ్యంగనే మీద నీలం గీత, మూలకు నవ్వే సూర్యుడు, రెండు గుట్టల నడుమ. మన దిక్కు పొద్దు గుట్టల నడుమ పొడుసుడు ఎంతమంది చూసిన్రో దేవునికే తెలుసు.

ఆయిల్_టర్పెంటైన్ | జూన్ 23, రాత్రి 10:05

అక్కా, కొనేటోడు మొగులు వద్దనుడు ఇయ్యాల్టి కథ కాదు. కాన్‌స్టేబుల్ అని ఇంగ్లండు పెయింటర్, సాలిస్‌బరీ చర్చి బొమ్మ ఆడి బిషప్పే చెప్పి వేయించుకున్నడు. 1823ల అది లండన్ రాయల్ అకాడమీ బొమ్మల షోల పెట్టిన్రు. చర్చి గోపురం ఎనక నల్ల మబ్బు ఉంటది, బిషప్పుకు ఆ మబ్బే నచ్చలే. ఎండ కొడుతున్నట్టు ఇంకోటి గీసియ్యమన్నడు. పాపం పెయింటర్ ఇంకో కాన్వాస్ మీద మబ్బు తీసి ఆకాశం తేటగ చేసి గీసిండు, అది పూర్తయ్యేది 1826, బిషప్ 1825లనే పోయిండు. రెండూ ఉన్నయి ఇప్పటికి, పక్కపక్కన పెట్టి చూడున్రి, చర్చి అదే, చెట్లు అవే, మబ్బు తీసేసరికి బొమ్మ వేరే అయిపోయింది. నాకైతే మొదటిదే బొమ్మ, రెండోది ఆర్డర్.

ఇంకో ముచ్చట, ఓరుగల్లు అన్న ఇంగ్లండు మబ్బును తిడుతున్నడు గని, ఆ మబ్బును వాళ్లు ఉత్తగ గీయలే. చూసి చూసి గీసిన్రు. మనం కాపీ కొట్టాల్సింది ఆ చూసుడును.

డ్రాయింగ్_సార్_రిటైర్డ్ | జూన్ 24, ఉదయం 6:20

ఆయిల్ చెప్పింది నిజం. కొంచెం కలుపుతాను. కాన్‌స్టేబుల్ తండ్రికి పిండి మిల్లులు ఉండేవి, గాలిమర కూడా. కుర్రతనంలో అక్కడ పని చేశాడు. గాలిమర నడపాలంటే గాలి ఎటు తిరుగుతుందో, మబ్బు ఎప్పుడు కమ్ముతుందో చూడక తప్పదు, చూడకపోతే రెక్కలు విరుగుతాయి. 1821, 22లో లండన్ దగ్గర హాంప్‌స్టెడ్‌లో ఉండి వట్టి ఆకాశాలే గీశాడు, చిన్న చిన్న కాగితాల మీద నూనె రంగులతో. చాలావాటిలో చెట్టు లేదు, ఇల్లు లేదు. వెనకాల తేదీ, టైము, గాలి ఎటు నుంచి వీస్తుంది, తర్వాత వాన పడిందా లేదా రాసి పెట్టుకున్నాడు. అంతకు ముందే 1802లో అక్కడ ల్యూక్ హోవర్డ్ అనే మందుల తయారీదారు మబ్బులకు క్యుములస్, స్ట్రాటస్, సిర్రస్ అని పేర్లు పెట్టాడు, ఈ రోజుకూ వాతావరణ శాఖ వాడేవి ఆ పేర్లే. అంటే ఆ మబ్బుల వెనక అంత గమనిక ఉంది. మనవాళ్లు ట్యుటోరియల్‌లో చూసేది ఆ గమనికకు వందో జిరాక్స్.

నా సర్వీసంతా పిల్లలకు ఒకటే చెప్పాను, బొమ్మ వెనక టైము రాయండి అని. ఒక్కడూ రాయలేదు.

పత్తిచేను_పరకాల | జూన్ 24, ఉదయం 7:45

నేను బొమ్మలు గీసెటోన్ని కాదు, మా బిడ్డ గీస్తది, ఆమె ఫోన్ల ఈ ముచ్చట చదివిన. సార్ మీరు చెప్పిన మిల్లు ఆయన ముచ్చట మస్తు నచ్చింది. మేము గదే చేస్తం గదా. రోహిణి కార్తెల దుక్కి దున్ని మిరుగం వచ్చిందాక మీదికే చూసుడు. ఇత్తనం పెట్టి వాన కొట్టకపోతే మళ్ల ప్యాకెట్లు కొనాలె. అందుకే పెద్ద నల్ల మొగులు చూడంగనే సంబరపడం. ఎండాకాలం పొద్దుమీకి వచ్చే మొగులు నల్లగ ఉంటది, ముందుగాల గాలి దుమారం లేస్తది, ఎర్రగ మట్టి లేసి ఆకాశం కూడ ఎరుపు తిరుగుతది, నాలుగు రాళ్లు కొడ్తది, మామిడికాయ రాలగొట్టి పోతది. చేనుకు పనికొచ్చే వాన ఉరమది, మెరవది, రంగే ఉండది. అది గీసినోళ్లు ఎవరన్న ఉన్నరా మీల?

నిట్_హాస్టల్_బాల్కనీ | జూన్ 24, ఉదయం 11:30

మాది వైజాగ్ అండి, ఇక్కడ చదువుకుంటున్నాను. ఓరుగల్లు గారు అన్న తెల్ల ఆకాశానికి కారణం ఉంది. గాలి అణువులు చాలా చిన్నవి, అవి నీలం కాంతిని ఎక్కువ చెదరగొడతాయి, అందుకే శుభ్రమైన గాలి ఉన్నప్పుడు ఆకాశం నీలం. దుమ్ము కణాలు పెద్దవి, అవి అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా చెదరగొడతాయి, అన్నీ కలిస్తే తెలుపే కదా. మే నెలలో ఇక్కడ నేల ఎండిపోయి దుమ్మంతా గాలిలోనే ఉంటుంది. ఒక్క వాన పడగానే మర్నాడు పొద్దున్న చూడండి, నీలం వచ్చేస్తుంది. మా ఊళ్లో సముద్రం పక్కన ఉండి ఇంత తెల్ల ఆకాశం నేనెప్పుడూ చూడలేదు, మొదటి ఏడాది ఇక్కడ కళ్లు మండిపోయాయి.

ఇంకోటి, ట్యుటోరియల్ మబ్బుల్లో ఒక తప్పు అందరూ చేస్తారు. కింద భాగం గుండ్రంగా వేస్తారు. ఆ దూదికుప్ప రకం మబ్బుకి కింద బల్లపరుపుగా ఉండాలి. గాలి పైకి వెళ్లేకొద్దీ చల్లబడి ఒక ఎత్తుకి చేరాక ఆవిరి నీరవుతుంది, ఆ చుట్టుపక్కల అన్ని మబ్బులకీ దాదాపు అదే ఎత్తు. గాలి ఎంత పొడిగా ఉంటే ఆ ఎత్తు అంత పైన. లెక్క కూడా ఉంది, గాలి ఉష్ణోగ్రతకీ, గాలిలోని ఆవిరి నీరయ్యే ఉష్ణోగ్రతకీ మధ్య తేడా ఒక్కో డిగ్రీకి సుమారు 125 మీటర్లు. మే నెలలో తేడా 24 డిగ్రీలు ఉంటే మబ్బు అడుగు 3 కిలోమీటర్ల పైన. జులైలో తేడా 5 డిగ్రీలే ఉంటే సుమారు 625 మీటర్లు. అంటే వానాకాలం మబ్బు మన నెత్తి మీదకి దిగి ఉంటుంది. బొమ్మలో ఇది చూపిస్తే నెల చెప్పక్కర్లేదు.

ఓరుగల్లు_రంగులు | జూన్ 24, మధ్యాహ్నం 1:15

వైజాగ్ తమ్మీ, మస్తు చెప్పినవ్, ఇంత ఎండల కూడ బాల్కనీల కూసొని లెక్కలు కడ్తున్నవంటే నీకు దండం.

సరే తెల్ల ఆకాశం అర్థమైంది. గీసుడు ఎట్ల? పేపర్ ఖాళీగ ఇడిసిపెడితే "ఆకాశం గీయలేదా అన్నా" అని అడుగుతరు.

డ్రాయింగ్_సార్_రిటైర్డ్ | జూన్ 24, సాయంత్రం 5:50

ఖాళీ వదలొద్దు. వదిలిన కాగితం చల్లటి తెలుపు, మన ఎండాకాలం తెలుపు వెచ్చటిది. కాగితమంతా ముందు ఎల్లో ఓకర్ చాలా పలుచగా, అందులో లైట్ రెడ్ చుక్క వేసి ఒక వాష్, అంటే పలుచటి నీళ్ల రంగు పూత, కొట్టు. ఆరనివ్వు. తర్వాత పై భాగంలో మాత్రం కోబాల్ట్ బ్లూ, కొద్దిగా ఎరుపు కలిపి బూడిద చేసి దించు, మూడో వంతు దాటక ముందే నీళ్లతో మాయం చెయ్యి. అంతే ఆకాశం.

అసలు పని ఆకాశంలో లేదు, కింద ఉంది. ఆకాశం తెల్లగా మండుతోందని చూసేవాడికి తెలియాలంటే నేల మీద సంగతులు ఒప్పుకోవాలి. దూరపు గుట్ట రంగు పోవాలి. గోవిందరాజుల గుట్టను మే నెల మధ్యాహ్నం దూరం నుంచి చూస్తే ఆకుపచ్చ ఉండదు, రాతి రంగు ఉండదు, ఆకాశం కంటే ఒక మెట్టు ముదురు అంతే. దగ్గరి వేప చెట్టు నీడ మాత్రం గట్టిగా, చెట్టు మొదట్లోనే కుప్పగా పడాలి. ఆ రెండింటి తేడాలో ఎండ ఉంటుంది. మన షోలలో బొమ్మలు ఫెయిలయ్యేది ఇక్కడే, పైన నీలం బాగానే వేస్తారు, కింద గుట్టను పక్కింటి గోడ అంత స్పష్టంగా వేస్తారు.

నిట్_హాస్టల్_బాల్కనీ | జూన్ 24, రాత్రి 8:10

సార్, దీనికి తోడు ఒక విషయం, మీకు పనికొస్తుందేమో. అందరూ ఆకాశం వేసేటప్పుడు పైన ముదురు, కింద అంచు దగ్గర లేత అని గుడ్డిగా వేస్తారు కదా. తేట ఆకాశానికి అది కరెక్ట్. పూర్తిగా మబ్బు కమ్మిన రోజు రివర్స్. నడినెత్తిన వెలుగు ఎక్కువ, అంచుల దగ్గర తక్కువ. లైటింగ్ ఇంజినీరింగ్‌లో వాడే స్టాండర్డ్ లెక్క ప్రకారం నడినెత్తి అంచు కంటే 3 రెట్లు వెలుగు. ఇళ్లకి కిటికీల వెలుగు లెక్క కట్టేది దీంతోనే.

ఆయిల్_టర్పెంటైన్ | జూన్ 24, రాత్రి 8:32

నమ్మ. మబ్బు రోజు కూడ కింద తెల్లగ కనవడ్తది, నేనే చాన సార్లు చూసిన.

పత్తిచేను_పరకాల | జూన్ 24, రాత్రి 9:05

ఇద్దరు చెప్పేది నిజమే బిడ్డ. కింద తెల్ల గీత కనవడ్డదంటే మొగులు ఆడికి తెగిందన్నట్టు, ఇంకో గంటకో రెండు గంటలకో వాన ఎల్లిపోతది. ఏ దిక్కు చూసినా అడుగు నల్లగనే ఉన్నదంటే ఆ రోజు ముసురు ఇడువది, పశువులను కొట్టంల కట్టేసుకోవాలె. మేము గా గీత చూసే మందు కొట్టాల్నా వద్దా అని ఆలోచన చేస్తం.

డ్రాయింగ్_సార్_రిటైర్డ్ | జూన్ 24, రాత్రి 9:30

ఇంత చక్కటి పాఠం నేను క్లాసులో చెప్పలేదు. ఆయిల్, రాసుకో. ముసురు బొమ్మలో కింద తెల్ల పట్టీ వేశావంటే వాన తగ్గుతోందని చెప్పినట్టే, నీకు తెలియకుండానే.

చేర్యాల_చుట్టం | జూన్ 25, ఉదయం 8:00

అందరు ఇంగ్లండు, ఫిజిక్సు అంటున్నరు, నాదొక ఉల్టా సవాల్. ఆకాశం ఎందుకు గీయాలె అసలు? మా దిక్కు చేర్యాల నకాషీ పటం చూడున్రి. గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పూసి, ఎనకంతా ఎరుపు. ఆకాశమూ ఎరుపే, గోడా ఎరుపే, అడవీ ఎరుపే. మడేలు పురాణం పటం ఇప్పి కథ చెప్తుంటే ఏ ఒక్కడు లేసి "ఇది పొద్దుగాలనా, మాపటీలనా" అని అడగడు. కథ చెప్పేటాయన నోట్ల వాన పడ్తది, మెరుపు మెరుస్తది, పటం మీద అవసరం లేదు. వైకుంఠం గారి బొమ్మలు చూడున్రి, కరీంనగర్ దిక్కు పుట్టినాయన, మనిషే బొమ్మంత ఉంటది, ఎనక ఆకాశం కోసం ఎవరన్న ఎతుకుతరా? మొగులు గీయకపోతే ఎనకవడ్డట్టా?

ఆయిల్_టర్పెంటైన్ | జూన్ 25, ఉదయం 10:20

చుట్టం, ఎనకవడ్డరు అని ఎవరన్నరు? కానీ పాత బొమ్మలల్ల ఆకాశం లేదు అన్నట్టు మాట్లాడకు. రాజస్థాన్ బూందీ, కోటా బొమ్మలు చూడు, బారామాసా అని నెలకొక బొమ్మ వేసేటోళ్లు. శ్రావణం, భాద్రపదం బొమ్మలల్ల మీద మూడో వంతు నల్ల నీలి మబ్బు, చుట్టలు చుట్టలుగ, అండ్ల బంగారు రంగుతోని పాము వంకరల మెరుపు, దాని ముందర తెల్ల కొంగల బారు. ఫొటోల మెరుపు గట్ల ఉండదు, కానీ ఆ బొమ్మ చూస్తే ఉరుము ఇనవడ్తది. హిమాలయాల దిక్కు పహాడీ బొమ్మలల్ల వానను సన్నటి తెల్ల గీతలతోని గీసిన్రు. అది వాతావరణమే గదా? మరి దాన్ని ఎవ్వరు ట్యుటోరియల్ చేయరు.

వాన గీతల ముచ్చట వచ్చింది గనుక, జపాన్ హిరోషిగే 1857ల చెక్క అచ్చు బొమ్మ, వంతెన మీద జనం తడుసుకుంట ఉరుకుతుంటరు. వానంతా సన్నటి నల్ల గీతలే, కొంచెం వేరే వేరే ఏటవాలుల రెండు వరుసలు, అందుకే గాలి ఊగుతున్నట్టు ఉంటది. అప్పటిదాక యూరప్‌ల చానమంది వానను పొగమంచు లెక్క గీస్తున్నరు. హాలండ్ పెయింటర్ వాన్‌గో 1887ల దాన్ని ఆయిల్‌ల కాపీ కొట్టిండు, మరి ఆయన కాపీ కొడితే గొప్ప, మనోళ్లు కొడితే తప్పా ఓరుగల్లు అన్నా?

ఓరుగల్లు_రంగులు | జూన్ 25, మధ్యాహ్నం 12:40

కాపీ తప్పని నేననలే. వాన్‌గో గీత తీసుకున్నడు, టోక్యో వంతెన తెచ్చి పారిస్ నది మీద పెట్టలే. మనోళ్లు పెడుతున్నది గదే.

చుట్టం మాట మాత్రం నాకు పడ్డది. ఎరుపు మీద గీసెటోడు ఆకాశం లేదని నిక్కచ్చిగ చెప్తున్నడు. మనం ఆకాశం ఉన్నదని చెప్పి ఎవని ఆకాశమో పెడుతున్నం. ఆ రెండింట్ల మొదటిదే నయం.

లష్కర్‌బజార్_అక్క | జూన్ 25, మధ్యాహ్నం 3:05

వాన గీతలు పిల్లలతోని చేయిస్త, నా పద్ధతి చెప్త. దగ్గరి వానకు గీతలు వేయనియ్య. దగ్గరి వాన రోడ్డు మీద కనవడ్తది, నీళ్ల మీద చుక్క పడి గుండ్రాలు లేసుడు, బండ్ల లైట్లు రోడ్డు మీద పొడుగ్గ సాగుడు. వాన అసలు దూరంల కనవడ్తది. కట్ట మీద నిలవడి చూస్తే చెరువు అవతల మబ్బు అడుగు చెదిరి బూడిద రంగు తెర కిందికి దిగుతది, ఏటవాలుగ. దానికి పేపర్ తడిపి, మబ్బు అడుగు రంగు ఇంక తడి ఉండంగనే బోర్డు ఒక పక్కకు ఒంచాలె, రంగు దానంతట అదే జారుతది. బ్రష్ పెట్టొద్దు. పెట్టిన్రా, జుట్టు ఇరబోసినట్టైతది.

బొగ్గుబాయి_మంచిర్యాల | జూన్ 25, సాయంత్రం 6:45

మా దిక్కు గీసెటోళ్లున్నరా ఎవరన్న? గోదావరిఖని నుంచి మంచిర్యాల దాక పొద్దుగూకుడు చూస్తే మీకు మతి పోతది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల దుమ్ము, పొగ గొట్టాలు, వీటి నడుమ పొద్దు ఎర్రగ కాదు, రాగి రంగుల దిగుతది. చలికాలం పొద్దుగాల గోదావరి మీద మంచు, దాంట్ల పొగ కలిసి ఎదురు ఒడ్డు కనవడదు. ఫొటో పెడితే "వావ్ బ్యూటిఫుల్" అంటరు. ఆ గాలి పీల్చెటోనికి తెలుసు బ్యూటీ ఏందో. అందుకే నాకు గీయబుద్ధి కాదు, గీస్తే మెచ్చుకున్నట్టైతది.

ఆయిల్_టర్పెంటైన్ | జూన్ 25, రాత్రి 7:30

అన్నా, నువ్వన్న పంచాయితే మోనే అని ఫ్రాన్సు పెయింటర్ బొమ్మల కాడ వందేండ్ల కింద మొదలైంది. 1899 నుంచి 1901 నడుమ మూడు సార్లు లండన్ పోయి హోటల్ కిటికీల కూసొని థేమ్స్ నది, వంతెనలు గీసిండు, దగ్గర దగ్గర వంద కాన్వాసులు. ఆయనకు లండన్‌ల అన్నిటికన్న నచ్చింది ఆ పొగమంచే. అది ఉత్త మంచు కాదు, బొగ్గు పొగ. 2023ల సైంటిస్టులు ఆయన బొమ్మలు, ఇంగ్లండు పెయింటర్ టర్నర్ బొమ్మలు పట్టుకొని, అంచులు ఎంత చెదిరినయ్, తెలుపు ఎంత పెరిగిందని కొలిచి, ఆ కాలంల గాలిల గంధకం పొగ పెరిగిన లెక్కతోని సరిపోతుందని చెప్పిన్రు. కాదు, అది వాళ్ల స్టైలు అని కొట్లాడెటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. నువ్వు గీయన్నా. మెచ్చుకున్నట్టు కాదు, సాక్ష్యం పెట్టినట్టు.

ఇంకోటి, 1883 ఆగస్టుల క్రకటోవా అగ్నిపర్వతం పేలినంక ప్రపంచమంతా పొద్దుగూకుడు రంగులు మారినయ్. లండన్‌ల విలియం ఆస్‌క్రాఫ్ట్ అని ఒకాయన థేమ్స్ ఒడ్డున కూసొని, నిమిషాలల్ల మారుతున్న ఆకాశాన్ని పాస్టెల్‌తోని గీసుకుంట పోయిండు, 500 పైన బొమ్మలు. ఆయనేం పేరున్న పెయింటర్ కాదు. కానీ ఆ ఆకాశం ఎట్లుండెనో ఇయ్యాల మనకు తెలుస్తుందంటే ఆయన వల్లనే, కలర్ ఫొటో లేదు గదా అప్పుడు.

చేర్యాల_చుట్టం | జూన్ 25, రాత్రి 8:15

ఇగో, ఇదే నేను వద్దనేది. బొమ్మను తీస్కపోయి వాతావరణ శాఖ రిపోర్ట్ చేస్తున్రు. ఇంకొన్ని రోజులైతే ఎన్ని మిల్లీమీటర్ల వాన గీసినవ్ అని అడుగుతరు.

నిట్_హాస్టల్_బాల్కనీ | జూన్ 25, రాత్రి 8:40

అడిగారు కూడా అండి. న్యూబర్గర్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1970లో అచ్చు వేశాడు. చాలా మ్యూజియంలు తిరిగి 1400 నుంచి 1967 దాకా గీసిన 12 వేలకు పైగా బొమ్మల్లో మబ్బు ఎంత, నీలం ఎంత అని లెక్క కట్టాడు. 1550 నుంచి 1850 మధ్య, యూరప్‌లో చలి ఎక్కువున్న కాలంలో మబ్బులు పెరిగాయని తేలింది.

చేర్యాల_చుట్టం | జూన్ 25, రాత్రి 8:44

ఆయన మన గ్రూప్ షోకు వస్తే వరంగల్‌ల ఏడాది పొడుగూత వసంతకాలమే అని రాసుకొని పోతుండె.

ఓరుగల్లు_రంగులు | జూన్ 25, రాత్రి 8:50

😂 చుట్టం, నేను మొత్తం పోస్టు రాసి చెప్పింది నువ్వు ఒక్క లైన్ల చెప్పినవ్.

పత్తిచేను_పరకాల | జూన్ 26, ఉదయం 6:55

నవ్వులాట సరే గని, మిల్లీమీటర్లు అంటే గుర్తుకొచ్చింది. 2023 జులై 26, 27. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు కొట్టింది, మోరంచపల్లి ఊరు మొత్తం మునిగింది, మనుషులు కొట్టుకపోయిన్రు. మాకు పరకాలల ఆ రాత్రి కరెంటు లేదు. తెల్లారి చూస్తే మీద ఏం లేదు, నల్ల మొగులు లేదు, తెల్ల మొగులు లేదు, ఆకాశం నేల మీదికి వచ్చినట్టు, ఎదురింటి గూన పెంకులు కూడ సరిగ కనవడ్తలేవు. ఎండాకాలం మొగులుకే భయపడ్తరు అందరు. నాకైతే ఆ రంగు లేని ఆకాశమే భయం. మా బిడ్డను గీయమన్న, "అండ్ల గీసేది ఏమున్నది నాయిన" అన్నది.

డ్రాయింగ్_సార్_రిటైర్డ్ | జూన్ 26, ఉదయం 9:10

అమ్మాయికి చెప్పండి, గీసేది చాలా ఉంది. ముసురుకు పేన్స్ గ్రే అనే రెడీమేడ్ బూడిద రంగు ట్యూబు పిండి పూయొద్దు, చచ్చిన రంగు వస్తుంది. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా రెండూ కలిపితే బూడిద వస్తుంది, నీలం ఎక్కువైతే చలి, సియెన్నా ఎక్కువైతే మట్టి వాసన. కాగితం మొత్తం తడిపి ఆ రెండింటినీ కాగితం మీదే కలవనివ్వాలి, పళ్లెంలో కాదు. అప్పుడు బూడిదలో కూడా కదలిక ఉంటుంది, ఒక చోట నీలం తేలుతుంది, ఒక చోట గోధుమ రంగు. అల్ట్రామెరైన్ గింజలు గింజలుగా కాగితం గుంటల్లో కూర్చుంటుంది, ఆ గరుకే ముసురు.

వైజాగ్ అబ్బాయి చెప్పినట్టు పైన కొంచెం వెలుగు, కింద బరువు. నేల, ఆకాశం కలిసే గీత మాత్రం వేయొద్దు. ఎదురింటి పెంకులు సరిగా కనిపించలేదన్నారే, అదే బొమ్మ. ఇంటి కప్పు సగం వరకు వేసి, మిగతా సగం అదే బూడిదలోకి పోనివ్వాలి. చూసేవాడు మిగతా సగం కోసం కళ్లు చికిలించాలి.

పత్తిచేను_పరకాల | జూన్ 26, ఉదయం 9:40

సగం ఇల్లు గీయమంటున్నరా సార్? సరే చెప్త.

లష్కర్‌బజార్_అక్క | జూన్ 26, మధ్యాహ్నం 2:20

నాట్ల టైము వస్తుంది గదా, ఇంకో సంగతి కూడ చెప్పమను సార్ ఆమెకు. మడుల నీళ్లు నిండినంక ఆకాశం కింద కూడ ఉంటది. నర్సంపేట రోడ్డు మీద పోతుంటే రెండు పక్కల మొగులు నీళ్లల్ల నడుస్తుంటది, ఒడ్లు మాత్రం నల్ల గీతలు. మా పిల్లలు ఏం చేస్తరంటే నీళ్లు అనంగనే నీలం పూస్తరు. నీళ్లకు రంగు ఎక్కడిది, మీద ఏమున్నదో అదే కింద, ఒక్క మెట్టు ముదురుగ. మీద బూడిద వేసి కింద నీలం వేస్తే బొమ్మ అక్కడే దొరికిపోతది.

డ్రాయింగ్_సార్_రిటైర్డ్ | జూన్ 26, సాయంత్రం 4:00

అవునమ్మా. మన దిక్కు నేల చదునుగా ఉండి నడుమ నడుమ గుట్టలు, చెరువులు, అందుకే ఆకాశానికి చోటు ఎక్కువ ఇవ్వాలి. 17వ శతాబ్దంలో హాలండ్ పెయింటర్లు, రైస్‌డాల్ లాంటివాళ్లు, బొమ్మలో మూడింట రెండు వంతులు ఆకాశమే పెట్టారు, వాళ్ల దేశం కూడా చదునే. మబ్బు నీడ ఒక చేను మీద, ఎండ పక్క చేను మీద, అలా నేలను ఆకాశంతోనే వెలిగించారు. పాకాల కట్ట మీద నుంచి చూస్తే మనకూ అదే అవకాశం. మనవాళ్లు నేలకే మూడు వంతులిచ్చి ఆకాశాన్ని మిగిలిన చోట సర్దుతారు.

బొగ్గుబాయి_మంచిర్యాల | జూన్ 26, రాత్రి 7:15

సార్, ముసురుల వాటర్‌కలర్ బయట వేస్తే ఆరేదెట్ల? మొన్న గోదావరి కాడ ట్రై చేసిన, ఒక్క వాష్ కోసం గంట కూసున్న, దోమలు కుట్టి చంపినయ్.

డ్రాయింగ్_సార్_రిటైర్డ్ | జూన్ 26, రాత్రి 8:00

బయట రంగులు పెట్టుకోకు ఈ కాలంలో. పెన్సిలు, చిన్న నోట్‌బుక్ చాలు. నాలుగు గీతలు, పక్కన మాటల్లో రాసుకో, ఎక్కడ వెలుగు, ఎక్కడ బరువు, గాలి ఎటు, టైము ఎంత. ఇంటికొచ్చి ఫ్యాన్ కింద వెయ్యి. కాగితాలు మాత్రం బీరువాలో ఉత్తగా పెట్టకు, తేమకు పైన పూత చెడిపోయి రంగు మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా చుట్టి, బియ్యం డబ్బా మీద పెట్టినా నష్టం లేదు, నేల మీద వద్దు.

బొగ్గుబాయి_మంచిర్యాల | జూన్ 26, రాత్రి 8:20

సరే సార్. మరి ఆ రాగి రంగు పొద్దుకు ఏం కలపాలె? బర్న్ట్ సియెన్నా ఒక్కటే పెడితే ఇటుక రంగు వస్తుంది.

ఆయిల్_టర్పెంటైన్ | జూన్ 26, రాత్రి 8:26

ముందుగాల ఫొటో పంపన్నా, ఫిల్టర్ పెట్టకుంట.